తమ్ముడిచ్చిన క్రాంక్ కప్పుల్లో కూర్చోవడం లేదు

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకుడి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. పొద్దున్నే గంటసేపు సైకిల్ తొక్కడం చాలా ఏళ్ళ అలవాటు. గేర్లున్న హైబ్రిడ్ సైకిల్. మూడు నెలల క్రితం బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే భాగం) అరిగిపోతే షిమానో కంపెనీ హాలోటెక్ టూ రకం కప్పులు తెచ్చి తానే బిగించుకున్నారు. కప్పులంటే ఫ్రేమ్ అడుగు గొట్టానికి రెండు వైపులా మరతో బిగించే, బేరింగులున్న భాగాలు. ఇంతలో చదువుకుంటూ చిన్న ఉద్యోగం చేస్తున్న తమ్ముడు, దాచుకున్న డబ్బుతో అన్నయ్య పుట్టినరోజుకు స్రామ్ కంపెనీ క్రాంక్‌సెట్ (ఇరుసు, దాని రెండు చివర్లా పెడళ్ళు తగిలించే ఆర్మ్‌లు) ఒకటి కొనిచ్చాడు. కొత్తది కాదు, కాలేజీలో సీనియర్ ఒకరు తన సైకిల్ నుంచి తీసేసినది. స్టిక్కర్లు చెరిగిపోయాయి గానీ మనిషి జాగ్రత్తగా వాడినట్టే ఉంది.

పాత క్రాంక్ తీసి దీన్ని తోస్తే కుడి కప్పులో చక్కగా దూరింది. ఎడమ వైపు మాత్రం ఇరుసు చుట్టూ గోరంత సందు. పట్టుకుని ఊపితే టకటకలాడింది. బేరింగ్ పోయిందేమోనని ఎడమ కప్పు విప్పి చూశారు, బాగానే ఉంది. తిరిగి బిగించాక ఒక నల్ల రింగు చేతిలో మిగిలిపోయింది. ఒక మెకానిక్ సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే అదే కూర్చుంటుందన్నాడు. ఇంకొకాయన ఫ్రేమ్‌కు మళ్ళీ మర కోయాలన్నాడు. చివరికి స్నేహితుడి సలహా మీద కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి ఇరుసుకు చుట్టి బిగించేశారు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు నుంచి ప్రతి తొక్కుడుకూ టక్, టక్. క్రాంక్ మొత్తం అటూ ఇటూ జరుగుతోంది కూడా.

తమ్ముడు ఫోన్ చేసిన ప్రతిసారీ "ఎలా ఉంది అన్నయ్యా?" అని అడుగుతున్నాడు. ఈయన "సూపర్‌గా ఉందిరా" అని చెప్పేశారు. ఇప్పుడు అదొక టెన్షన్. "కప్పులు కొత్తవి, క్రాంక్ మంచిది. మరి తప్పు నా పనితనంలోనే ఉందా? ఈ కప్పుల్లోనే ఈ క్రాంక్‌ను ఎలాగైనా కూర్చోబెట్టే దారి ఉందా? తమ్ముడికి ఏం చెప్పాలి?" అని అడిగారు.

ముందుగా ఒక్క మాట. ఇది సరిచేసేదాకా ఆ సైకిల్ ఎక్కకండి. చప్పుడు వస్తోందని మాత్రమే కాదు. క్రాంక్ పక్కకు జరుగుతోందంటే ఎడమ ఆర్మ్ ఇరుసు మీద గట్టిగా నిలబడి ఉండకపోవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీద నుంచి లేచి, ఒంటి బరువంతా ఆ పెడల్ మీద వేసిన క్షణంలో ఆర్మ్ ఊడిందంటే మీరు పడేది రోడ్డు మీదికే. అంత దాకా రాకపోయినా, వదులుగా ఉన్న ఆర్మ్‌తో తొక్కిన ప్రతి రోజూ ఇరుసును పట్టుకునే దాని లోపలి పళ్ళు కొంచెం కొంచెం నలిగిపోతాయి. ఆ పళ్ళు పోతే తమ్ముడిచ్చిన క్రాంక్ ఇక ఎందుకూ పనికిరాదు.

ఇక మీ పనితనం సంగతి. తప్పు అక్కడ లేదు. నిజానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. కుడి వైపు బిగుతుగా ఉంది, ఎడమ వైపు గోరంత సందు ఉంది అని మీరు రాసిన ఆ వాక్యం చదవగానే సంగతి చాలావరకు అర్థమైపోయింది.

మీ కప్పులు 24 మి.మీ. ఇరుసు కోసం చేసినవి. షిమానో హాలోటెక్ టూ ఇరుసు ఈ చివర నుంచి ఆ చివర దాకా బేరింగులు కూర్చునే చోట 24 మి.మీ. ఉంటుంది. స్రామ్ వాళ్ళు చాలా ఏళ్ళు జీఎక్స్‌పీ అనే పద్ధతిలో క్రాంక్‌లు చేశారు. ఆ ఇరుసు కుడి బేరింగ్ దగ్గర 24 మి.మీ. ఉండి, ఎడమ బేరింగ్ దగ్గర 22 మి.మీ.కు తగ్గిపోతుంది. తేడా రెండు మిల్లీమీటర్లు, అంటే చుట్టూరా ఒక్కొక్క మిల్లీమీటరు. మీరు చూసిన గోరంత సందు అదే. అరుగుదల వల్ల అంత సమంగా, చుట్టూ ఒకే మోస్తరు సందు రాదు. కాబట్టి బేరింగూ పోలేదు, ఫ్రేమూ పోలేదు.

నా మాట మీద ఆధారపడకుండా మీరే కొలవండి. వెర్నియర్ కాలిపర్‌తో బేరింగ్ కూర్చునే నున్నటి చోట కొలవాలి, పళ్ళు ఉన్న చోట కాదు. కుడి 24, ఎడమ 22 వస్తే జీఎక్స్‌పీయే. రెండు వైపులా 24 వస్తే నేను పొరబడ్డట్టే, అప్పుడు ఎడమ బేరింగ్‌లో ఉండాల్సిన ప్లాస్టిక్ బుష్ పడిపోయిందేమో చూడాలి. షిమానో కప్పుల్లో బేరింగ్ లోపల ఒక పలచటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, కప్పు విప్పినప్పుడు అది ఊడి వచ్చి గుడ్డలో కలిసిపోవడం మామూలే. ఇంకో గుర్తు కూడా ఉంది. మీ పాత క్రాంక్ ఎడమ ఆర్మ్‌కు చేత్తో తిప్పే చిన్న ప్లాస్టిక్ మూత, పక్కన రెండు చిన్న బోల్టులు ఉండి ఉంటాయి. కొత్త దానికి అవేమీ లేకుండా మధ్యలో 8 మి.మీ. ఆలెన్ కీ పట్టే ఒకే పెద్ద బోల్టు ఉంటే, అది కూడా జీఎక్స్‌పీ వైపే చూపిస్తుంది.

ఇప్పుడు ఆ రేకు ఎందుకు నిలవలేదో చెప్పాలి. ఇది అర్థమైతే తర్వాత ఏ దారి ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది. జీఎక్స్‌పీ ఇరుసు 24 నుంచి 22కు తగ్గే చోట ఒక మెట్టు ఉంటుంది. ఎడమ బేరింగ్ లోపలి రింగు ఆ మెట్టుకు ఆనుతుంది. బయటి నుంచి ఎడమ ఆర్మ్ వచ్చి దాన్ని మెట్టుకేసి నొక్కి పట్టుకుంటుంది. అంటే ఇరుసు పక్కలకు జరగకుండా ఆపే పని మొత్తం ఎడమ బేరింగ్ ఒక్కటే చేస్తుంది. కుడి బేరింగ్ బరువు మోస్తుందంతే. మీ కప్పులో రంధ్రం 24, ఇరుసు మెట్టు కూడా 24. ఆనడానికి అంచే లేదు, మెట్టు రంధ్రంలోంచి జారిపోతుంది. మీరు చుట్టిన రేకు పైకీ కిందికీ ఊగే ఊపును ఆపింది, అందుకే రెండు రోజులు నెమ్మదిగా ఉంది. పక్కకు జరిగే జరుగుడును అది ఆపలేదు. మెత్తటి రేకు నలిగి పలచబడ్డాక ఊపు కూడా తిరిగి వచ్చింది. ఆ టక్కు టక్కు అదే.

సుత్తి సలహా ఇచ్చినాయన కూడా కొంత అనుభవంతోనే చెప్పి ఉంటాడు. షిమానో రకం ఇరుసును కుడి వైపు నుంచి తోసేటప్పుడు రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాల్సి రావడం మామూలే. కానీ అది బిగుతుగా ఉన్నప్పుడు పనికొచ్చే మందు. వదులుగా ఉన్నదాన్ని కొట్టి బిగించడం కుదరదు. ఫ్రేమ్‌కు మర కోయడం మాత్రం దయచేసి వద్దు. మీ కప్పులు ఫ్రేమ్‌లో సాఫీగా ఎక్కాయని, మూడు నెలలు బాగా నడిచాయని మీరే రాశారు. మర బాగున్న ఫ్రేమ్‌ను కోస్తే మళ్ళీ వెనక్కి తేలేం.

ఇక మీ ముందున్న దారులు.

అన్నిటికంటే తేలికైనది, ఖర్చు లేనిది ముందు చెబుతాను. పాత క్రాంక్ పారేయలేదని రాశారు. దాన్నే ఈ కప్పుల్లో తిరిగి వేసేయండి. కప్పులు దానికోసం తెచ్చినవే. రేపటి నుంచి మీ పొద్దుటి సవారీ మీకుంటుంది, కొత్త క్రాంక్ గురించి తొందరపడకుండా ఆలోచించుకోవచ్చు. ఇబ్బంది ఒక్కటే, తమ్ముడిచ్చినది అలమరలో కూర్చుంటుంది. అదే మిమ్మల్ని బాధపెడుతోందని నాకు తెలుసు, అయినా కొన్నాళ్ళకు ఇలా చేయడంలో తప్పు లేదు.

రెండో దారి మీరు అడిగినదే, ఈ కప్పుల్లోనే ఈ క్రాంక్. ఉంది. 22 మి.మీ. ఇరుసును 24 మి.మీ. బేరింగ్‌కు సరిపెట్టే చిన్న లోహపు తొడుగులు ఇందుకోసమే తయారు చేస్తారు. మీ స్నేహితుడి ఆలోచన దిశ సరైనదే, వస్తువు మాత్రం రేకు కాకూడదు. తొడుగు తీసుకుంటే అంచు ఉన్నది తీసుకోండి, ఆర్మ్ దానికి ఆనుకుని నిలబడాలి. ఇందులో ఒక చిక్కుంది. తొడుగు వేసినా ఈ కప్పు జీఎక్స్‌పీ కప్పు అయిపోదు. పక్క జరుగుడును ఇప్పుడు ఎడమ బేరింగ్ ఒక్కటే కాక, రెండు ఆర్మ్‌లూ రెండు కప్పులకు ఆనడం వల్ల ఆపాలి. కాబట్టి బిగించాక పక్కకు లాగి చూడాలి. కొంచెం జరుగుడు మిగిలితే పలచటి వాషర్‌తో సరిపెట్టాలి. మరీ బిగుతుగా ఉండి క్రాంక్ బరువుగా తిరిగితే తీసేయాలి. ఓపికగా రెండు మూడు సార్లు విప్పి బిగించే మనిషికి ఇది కుదురుతుంది. మీకు కుదురుతుందనే అనిపిస్తోంది, కాకపోతే అప్పుడప్పుడూ చేయి వేసి చూసుకుంటూ ఉండాలి.

మూడో దారి కప్పులు మార్చడం. జీఎక్స్‌పీ కోసం చేసిన కప్పులు అదే ఫ్రేమ్‌లో, అదే మరలో ఎక్కుతాయి. మీ కప్పు మీద 1.37 × 24 అని అచ్చు ఉంటే చాలు. అది ఇంగ్లిష్ మర. ఇటాలియన్ మర అయితే 36 × 24 అని ఉంటుంది, అది వేరే సంగతి. ఒక్క ఎడమ కప్పు మారిస్తే సరిపోదా అని మీకు తప్పకుండా అనిపిస్తుంది. కప్పులు జతగానే వస్తాయి, జతగానే వేయండి. మూడు నెలల క్రితం కొన్నవి వృథా అవుతాయన్న బాధ ఉంటుంది. అవి వృథా కావు, పాత క్రాంక్‌తో కలిపి డబ్బాలో పెట్టుకుంటే ఎప్పుడైనా పనికొచ్చే జత అది.

నన్నడిగితే ఈ మూడో దారే మేలు. కప్పులు ఎలాగూ అరిగిపోయే వస్తువులు, కొన్నాళ్ళు తిరిగి మార్చడానికే వాటిని మరతో చేశారు. క్రాంక్ అలా కాదు, సరిగ్గా చూసుకుంటే ఎన్నో జతల కప్పులను చూస్తుంది. కాబట్టి ఎవరు ఎవరికి సర్దుకోవాలన్న ప్రశ్న వస్తే కప్పులే సర్దుకోవాలి. మీరు ఉత్తరమంతా "కప్పులు కొత్తవి కదా" అన్న చోటే ఆగిపోయారు. అందువల్లే క్రాంక్‌కు రేకు చుట్టాల్సి వచ్చింది.

నాలుగోది, ఈ క్రాంక్‌ను ఇంకెవరికైనా ఇచ్చి రెండు వైపులా 24 ఉన్నది తెచ్చుకోవడం. లెక్క ప్రకారం ఇదీ సరైనదే. కానీ మీ ఉత్తరం చదివాక దీన్ని మీకు గట్టిగా చెప్పబుద్ధి కావడం లేదు.

అసలు ఇన్ని కొలతలు ఎందుకు అని చాలామంది విసుక్కుంటారు. ఇంగ్లిష్ మర ఉన్న ఫ్రేమ్ గొట్టం రంధ్రం 1.37 అంగుళాలు, అంటే దాదాపు 35 మి.మీ. పాత రోజుల్లో ఇరుసు సన్నగా ఉండేది, గోళీలు లోపలే పట్టేవి. ఇరుసును బోలుగా, లావుగా చేస్తే తేలికవుతుంది, గట్టిగానూ ఉంటుంది. కానీ 24 మి.మీ. ఇరుసు చుట్టూ సరైన బేరింగ్ పెట్టాలంటే 37 మి.మీ. చోటు కావాలి, అది ఆ రంధ్రంలో పట్టదు. అందుకే బేరింగులను గొట్టం బయటికి, కప్పుల్లోకి తెచ్చారు. అక్కడి నుంచి ఒక్కొక్కరూ ఒక్కో కొలత పట్టుకున్నారు. స్రామ్ వాళ్ళే 2018లో డబ్ అని 28.99 మి.మీ. ఇరుసు తెచ్చారు. 30 మి.మీ. ఇరుసులూ ఉన్నాయి. మీది కొలిచినప్పుడు ఈ అంకెలు వస్తే ఈ కప్పుల్లో పట్టే ప్రసక్తే లేదు, కుడి వైపు కూడా దూరేది కాదు. మీకు దూరింది కాబట్టి ఆ భయం లేదు.

చేతిలో మిగిలిన నల్ల రింగు గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, నాకు అది చాలా ముఖ్యంగా తోచింది. అది 2.5 మి.మీ. స్పేసర్, అంటే కప్పుకూ గొట్టానికీ మధ్య వేసే రింగు. మౌంటెన్ రకం క్రాంక్ వేసేటప్పుడు గొట్టం వెడల్పు 73 మి.మీ. ఉంటే కుడి కప్పు కింద ఒకటి, 68 ఉంటే కుడి వైపు రెండు, ఎడమ వైపు ఒకటి వేస్తారు. ముందు డీరెయిలర్‌ను (ముందు గేర్లు మార్చే భాగాన్ని) ఆ కప్పు దగ్గరే బిగించే సైకిళ్ళలో ఈ లెక్క కొంచెం మారుతుంది. రోడ్ రకం క్రాంక్‌కు 68 మి.మీ. గొట్టంలో అసలు స్పేసర్లే ఉండవు. మీది ఎడమ వైపు నుంచి మిగిలింది కాబట్టి మీ గొట్టం 68 అయి ఉండాలి, పాత క్రాంక్ మౌంటెన్ రకం అయి ఉండాలి. పాతది తిరిగి వేస్తే ఆ రింగును ఎడమ కప్పు కింద తప్పకుండా పెట్టండి. కొత్తది రోడ్ రకమా, మౌంటెన్ రకమా తెలిస్తే గానీ దానికి ఎన్ని వేయాలో చెప్పలేం. స్టిక్కర్ లేదు. ఇది ఎవరిని అడగాలో చివర్లో చెబుతాను.

ఏ దారి పట్టినా ముందు రేకు తీసేసి, ఇరుసును గుడ్డతో తుడిచి, వెలుగులో చూడండి. రేకు మరకలు పోతాయి. గోటికి తగిలేంత గాడి పడి ఉంటే మాత్రం తొడుగు దారి వద్దు. ఎడమ బేరింగ్‌ను వేలు పెట్టి తిప్పండి, ఇసుక పడ్డట్టు గరగరమంటే రెండు రోజుల సవారీలో అది దెబ్బతిన్నట్టే. చివరగా ఎడమ ఆర్మ్‌ను ఖాళీ ఇరుసు మీద పెట్టి బోల్టు బిగించి ఊపి చూడండి. పళ్ళ దగ్గర కదలిక ఉంటే ఆ ఆర్మ్ మార్చాల్సిందే, ఎంత బిగించినా అది మళ్ళీ వదులవుతుంది. ఈ చివరి పరీక్ష మాత్రం దయచేసి దాటవేయకండి.

కప్పులు విప్పేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది, కుడి కప్పు మర తిరగేసి ఉంటుంది. విప్పడానికి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఎడమది మామూలుగానే. గొట్టంలో మరలు తుడిచి, గ్రీజు రాసి, మొదటి కొన్ని చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగకపోతే మర వంకరగా పట్టిందని అర్థం, వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టండి. పానా సంగతి కూడా చూసుకోండి. మామూలు పదహారు గాట్ల పానా జీఎక్స్‌పీ కప్పులకు సరిపోతుంది, కానీ షిమానో కొత్త కప్పుల్లో కొన్ని చిన్న సైజువి. మీరు మూడు నెలల క్రితం కొన్న పానా ఆ చిన్నదానికైతే దీనికి పట్టదు.

షిమానో కప్పులకు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగింపు చెబుతారు. పాత క్రాంక్ వేస్తే ప్లాస్టిక్ మూతను పక్క జరుగుడు పోయేంత వరకే, వేళ్ళ బలంతో తిప్పి, తర్వాత రెండు బోల్టులను మార్చి మార్చి 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. జీఎక్స్‌పీ ఎడమ బోల్టు సంగతి పూర్తిగా వేరు. దానికి 48 నుంచి 54 కావాలి. పావు మీటరు పొడవున్న హ్యాండిల్ చివర ఇరవై కిలోల బరువు వేలాడదీసినంత బలం అది. చిన్న ఆలెన్ కీతో మీరు బిగించి ఉంటే, పాత క్రాంక్ లెక్కలో సరిపోయిందనుకుని ముందే ఆపేసి ఉంటారు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ అరువు దొరికితే తెచ్చుకోండి.

ఇప్పుడు తమ్ముడి విషయం. ఇక్కడా రెండు దారులున్నాయి. చెప్పకుండా కప్పులు మార్చేసి, మీరన్న "సూపర్‌గా ఉంది" అనే మాటను నిజం చేసేయవచ్చు. అబద్ధం అక్కడితో ముగుస్తుంది. కానీ ఏదో ఒక రోజు మీ ఇంటికి వచ్చి పాత కప్పులనో, మీరు కత్తిరించిన రేకు ముక్కనో చూసి అడిగితే, అప్పుడు చెప్పాల్సింది ఇప్పటికంటే కష్టం. వాడు మిమ్మల్ని అడుగుతున్నది క్రాంక్ గురించి మాత్రమే కాదు. తను చేసిన పని అన్నయ్యకు నచ్చిందా అని అడుగుతున్నాడు. నచ్చింది, అది నిజం. కప్పులకు సరిపడలేదు, ఇదీ నిజం. ఈ రెండూ ఒకే ఫోన్‌లో చెప్పవచ్చు. "నువ్విచ్చింది చాలా బాగుందిరా, దానికి తగ్గ కప్పులు నా దగ్గర లేవు, అప్పుడు నీకు చెప్పలేకపోయాను" అంటే వాడు నొచ్చుకుంటాడని నాకు అనిపించడం లేదు. ఒకవేళ నొచ్చుకున్నా, అది మీకు సాయం చేయడానికి ముందుకొచ్చేంత సేపే.

సాయం నిజంగానే కావాలి కూడా. ఆ క్రాంక్ ఏ సైకిల్ నుంచి తీశారో, రోడ్ రకమా మౌంటెన్ రకమా అన్నది ఆ సీనియర్‌కే తెలుసు. తన సైకిల్‌కు కొత్తది వేసుకున్నప్పుడు ఈ క్రాంక్‌తో పాటు దాని కప్పులు కూడా తీసేసి ఉంటాడు. జీఎక్స్‌పీ కప్పులు అవి, మీకు కావాల్సినవి అవే. బేరింగులు గరగరమనకుండా ఉంటే మీకు కొనాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు ఆ సీనియర్‌ను ఈ రెండు సంగతులూ అడగమనండి. ఏ సైకిల్‌ది, కప్పులు ఇంకా ఉన్నాయా. కప్పులు దొరికితే బిగించేటప్పుడు తమ్ముణ్ణి పక్కనే ఉండమనండి. టార్క్ రెంచ్ తిప్పేటప్పుడు ఫ్రేమ్‌ను కదలకుండా పట్టుకోవడానికి ఇంకొక మనిషి కావాలి.

బిగించాక మొదటి సవారీ ఇంటి చుట్టుపక్కలే, పదిహేను నిమిషాలు. తిరిగి వచ్చి ఎడమ బోల్టును మళ్ళీ అదే కొలతకు బిగించి, క్రాంక్ పట్టుకుని పక్కలకు లాగి చూడండి. ఎలా ఉందో నాకూ రాయండి.